వదలని క్లచ్

తెల్లవారుజామున మైపాడు రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. వెనక చేపల పెట్టె కట్టుకున్న మోటారు సైకిళ్ళు సముద్రం వైపు నుంచి నెల్లూరు వైపు సాగిపోతుంటాయి. రెండో చేతికో మూడో చేతికో మారిన పాత బండ్లు వాటిలో ఎన్నో ఉంటాయి.

అలాంటి బండి ఒకటి మీ ఇంట్లో ఈమధ్యే కొన్నారనుకోండి. రంగు బాగుంది. టైర్లు బాగున్నాయి. ఇంజను ఒక్క కిక్కుకే అందుకుంటోంది. కాని ఒక చిక్కు ఉంది. ఎడమచేతి లీవరు పూర్తిగా నొక్కి మొదటి గేరు వేయగానే 'ఠక్కు'మని చప్పుడై బండి ముందుకు ఉలిక్కిపడుతుంది. లీవరు నొక్కి పట్టుకున్నా మెల్లగా ముందుకు పాకుతూనే ఉంటుంది. బ్రేకు వేసి ఆపితే ఇంజను ఆగిపోతుంది. ఆగి ఉన్నప్పుడు న్యూట్రల్ ఎంత వెదికినా దొరకదు.

ఇక చూడండి, చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక మాట అంటారు. "గేరుబాక్సు పోయిందన్నా" అంటాడొకడు. "ప్లేట్లు మార్చాల్సిందే" అంటాడు ఇంకొకడు. "ఇంజను దింపితేగాని తెలీదు" అని మూడోవాడు తేల్చేస్తాడు. ముగ్గురూ మూడు తీర్పులు చెప్పారు. కాని ఒక్క పరీక్షయినా చేసినవాడు లేడు!

ఇది నవ్వుకొని వదిలేసే సంగతి కాదు. చేపలు అమ్ముకొనే కుటుంబానికి బండి షెడ్డులో ఉన్న ప్రతిరోజూ నష్టమే. పైగా సంతలో, బడి ముందర, రైల్వే గేటు దగ్గర లీవరు నొక్కి ఆపిన బండి ఉన్నట్టుండి ముందుకు దూకితే ఎదుట నిలబడ్డ మనిషికి ప్రమాదం. కాబట్టి జబ్బేమిటో కనుక్కోవాలి. ఏదీ విప్పకముందే ఎలా కనుక్కోవచ్చో ఇప్పుడు చూద్దాం.

క్లచ్ ఎందుకు?

సైకిలుకు క్లచ్ లేదు. తొక్కడం ఆపితే కాళ్ళు ఆగుతాయి, మళ్ళీ తొక్కితే కదులుతాయి. పెట్రోలు ఇంజను అలా కాదు. ఒకసారి మొదలయ్యాక అది తిరుగుతూనే ఉండాలి. బండి నిలబడి ఉన్నప్పుడు కూడా చిన్న మోటారు సైకిలు ఇంజను నిమిషానికి సుమారు 1,400 సార్లు తిరుగుతుంది. ఆగిందంటే ఆరిపోయినట్టే.

వెనక చక్రం ఆగి ఉంది, ఇంజను తిరుగుతోంది. ఈ రెండింటినీ కలపాలి. ఒక్కసారిగా కలిపితే ఇంజనైనా ఆరిపోతుంది, బండైనా ఎగిరిపడుతుంది. మెల్లమెల్లగా కలపాలి. గేరు మార్చేటప్పుడు క్షణంపాటు పూర్తిగా విడదీయాలి. కావాలంటే కలిపే, వద్దంటే విడదీసే ఈ ఏర్పాటే క్లచ్.

మీ రెండు అరచేతులూ ఎదురెదురుగా ఆనించండి. కుడిచేతిని తిప్పుతూ ఎడమచేతిని వదులుగా ఉంచండి. మెల్లగా తాకితే ఎడమచెయ్యి కదలదు. కొంచెం నొక్కితే జారుతూ జారుతూ కదలడం మొదలుపెడుతుంది. గట్టిగా నొక్కితే రెండు చేతులూ కలిసి తిరుగుతాయి. కుడిచెయ్యి ఇంజను, ఎడమచెయ్యి గేరుబాక్సు. మధ్యలో పని చేసింది ఘర్షణ. ఘర్షణ బలం నొక్కే బలాన్ని బట్టి పెరుగుతుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కూలుంబ్ 18వ శతాబ్దంలోనే కొలిచి చూపాడు. మీ భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్న ఆ సూత్రమే క్లచ్‌కు ప్రాణం.

నోటుపుస్తకాల ప్రయోగం

మోటారు సైకిలు ఇంజనులో మరీ పెద్ద ప్లేట్లు పెట్టే చోటు ఉండదు. చిన్న ప్లేట్లతోనే పెద్ద పట్టు సాధించాలి. ఎలా? రెండు నోటుపుస్తకాలు తీసుకోండి. ఒకదాని కాగితాల మధ్య ఇంకొకదాని కాగితాలు ఒకటి విడిచి ఒకటి దూర్చండి. అంచులు పట్టుకొని లాగి చూడండి. నాలుగు కాగితాలైతే సులువుగా వచ్చేస్తాయి. నలభై అయితే చెమటలు పడతాయి. వంద దాటితే ఇద్దరు కలిసి లాగినా ఊడిరావు. జిగురు లేదు, మేకు లేదు. ఘర్షణ పడే ముఖాలు పెరిగాయి, అంతే.

క్లచ్‌లో ఉన్నది కూడా ఇలాంటి దొంతరే. ఇంజను తిప్పే గిన్నె ఒకటి ఉంటుంది. దాన్ని మెకానిక్కులు హౌసింగ్ అంటారు. దాని అంచున గాడులుంటాయి. ఘర్షణ ప్లేట్ల చెవులు ఆ గాడుల్లో కూర్చుంటాయి. గిన్నె మధ్యలో ఉన్న హబ్ గేరుబాక్సుకు చెందింది. నున్నటి ఉక్కు ప్లేట్లు ఆ హబ్‌ను పట్టుకొని ఉంటాయి. ఒక ఘర్షణ ప్లేటు, ఒక ఉక్కు ప్లేటు, మళ్ళీ ఘర్షణ ప్లేటు, ఇలా పేర్చి, పైన ప్రెషర్ ప్లేటు పెట్టి, స్ప్రింగులతో బిగిస్తారు.

ఘర్షణ ప్లేట్లు నాలుగు ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి రెండు ముఖాలు, మొత్తం ఎనిమిది. స్ప్రింగుల నొక్కుడు ఒక్కటే అయినా అది దొంతర పొడుగునా అన్ని ముఖాల మీదా పడుతుంది. కనుక పట్టు ఎనిమిది రెట్లవుతుంది. చిన్న చోటులో పెద్ద పట్టు దొరికిందన్నమాట!

లీవరు వదిలి ఉన్నప్పుడు స్ప్రింగులు దొంతరను బిగించి ఉంచుతాయి. లీవరు నొక్కితే కేబులు కదిలి, ఇంజను పక్కనున్న చిన్న మీటను తిప్పుతుంది. ఆ మీట ప్రెషర్ ప్లేటును పైకి లేపుతుంది. దొంతర వదులవుతుంది. అప్పుడు గిన్నె ఒక్కటే తిరుగుతుంది, హబ్ ఆగుతుంది. ఆగాలి! ఆగకపోతే అదే మన జబ్బు. లీవరు నొక్కినా ప్లేట్లు ఒకదాన్నొకటి ఈడుస్తూ ఉంటే "క్లచ్ వదలడం లేదు" అంటారు.

పావు మిల్లీమీటరు కథ

లీవరు నొక్కితే ప్లేట్లు దూరదూరంగా విడిపోతాయని చాలామంది అనుకుంటారు. చిన్న లెక్క వేద్దాం. లీవరు నొక్కినప్పుడు కేబులు 10 మిల్లీమీటర్లు కదిలిందనుకోండి. లోపలి మీట బలాన్ని అయిదు రెట్లు చేస్తుందనుకోండి. బలం అయిదు రెట్లయితే కదలిక అయిదో వంతవుతుంది. మీట సూత్రం మీకు తెలిసిందే. అంటే ప్రెషర్ ప్లేటు లేచేది 2 మిల్లీమీటర్లు. దాన్ని ఎనిమిది ముఖాలూ సమానంగా పంచుకుంటే ఒక్కో సందు పావు మిల్లీమీటరు. ఇంచుమించు ఒక పోస్టుకార్డు మందం!

ఇప్పుడు కేబులు సాగి 5 మిల్లీమీటర్ల కదలిక వృథా అయిందనుకోండి. ప్లేటు లేచేది 1 మిల్లీమీటరే. ఒక్కో సందు పోస్టుకార్డులో సగం. నిజానికి ప్లేట్లు అంత న్యాయంగా పంచుకోవు కూడా. కొన్నిటి మధ్య సందు కొంచెం ఎక్కువగా ఉంటుంది, కొన్ని అతుక్కొనే ఉంటాయి. లీవరు దగ్గర పెద్దగా కనిపించని వదులు, లోపల బండిని పాకించేంత పని చేస్తుందని తెలిసింది కదా!

ఇంకో సంగతి. మన చిన్న మోటారు సైకిళ్ళలో చాలావాటి క్లచ్ ఇంజను ఆయిలులో తడుస్తూ ఉంటుంది. ఆయిలు ప్లేట్లను చల్లబరుస్తుంది. కాని సందులో నిలిచి, తిరిగే ప్లేటు లాగుడును ఆగిన ప్లేటుకు అందిస్తుంది కూడా. ద్రవానికి ఉండే ఈ గుణాన్ని స్నిగ్ధత అంటారు. సందు సగమైతే ఈ ఈడ్పు రెట్టింపవుతుంది. ఆయిలు చిక్కనైతే ఇంకా పెరుగుతుంది.

దీన్ని మీరే చూడవచ్చు. అడుగు చదునుగా ఉన్న రెండు స్టీలు మూతలు తీసుకోండి. మధ్యలో కొంచెం నీళ్ళు పోసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని తిప్పండి. తుడిచి కొబ్బరినూనెతో చేయండి. తరవాత ఆముదంతో చేయండి. ఆముదం వేసినప్పుడు కింది మూత కూడా వెంట తిరుగుతుంది. రెండూ గట్టిగా తాకకపోయినా సరే! తరవాత రెంటినీ నిట్టనిలువుగా లాగి విడదీయబోండి. అంటుకుపోయి ఎంత మొరాయిస్తాయో చూడండి.

ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో హెన్రీ సెల్బీ హీల్-షా అనే ఇంజనీరింగు ఆచార్యుడు ఉండేవాడు. దగ్గరగా పెట్టిన రెండు గాజు పలకల మధ్య ద్రవం ఎలా పారుతుందో ఆయన ప్రయోగాలు చేసి, 1898లో ప్రకటించాడు. ఆ తరవాత కొద్ది ఏళ్ళకే, మోటారు వాహనాల కోసం అనేక ప్లేట్లు నూనెలో తిరిగే క్లచ్‌ను కూడా ఆయనే తయారుచేశాడు. పలకల మధ్య పల్చటి ద్రవం సంగతి ఆయన కంటే బాగా ఎరిగినవాళ్ళు ఆనాడు ఎందరుంటారు!

రెండు జబ్బులు, రెండు లక్షణాలు

క్లచ్‌కు ముఖ్యంగా రెండు జబ్బులు. రెండూ ఒకదానికొకటి వ్యతిరేకం. వాటిని కలగాపులగం చేస్తే మందు తప్పుతుంది.

జారే క్లచ్: యాక్సిలరేటరు తిప్పితే ఇంజను మోత పెరుగుతుంది గాని వేగం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు వేసినప్పుడు బయటపడుతుంది. కలపాల్సినప్పుడు పూర్తిగా కలపడం లేదు.

వదలని క్లచ్: గేరు ఠక్కుమంటుంది, బండి పాకుతుంది, న్యూట్రల్ దొరకదు. విడదీయాల్సినప్పుడు పూర్తిగా విడదీయడం లేదు.

కేబులు మరీ బిగువైతే క్లచ్ జారుతుంది. మరీ వదులైతే క్లచ్ వదలదు. మన బండి పాకుతోంది. కనుక మన జబ్బు రెండోది. 'ప్లేట్లు అరిగిపోయాయి' అన్న మాటను ఇక్కడే కొంత అనుమానించవచ్చు. ప్లేట్లు అరిగితే మొదట కనిపించేది జారడమే గాని పాకడం కాదు. ఒక్క లక్షణాన్ని సరిగా గమనిస్తే ఒక తీర్పు బలహీనపడింది, చూశారా?

సముద్రపు గాలి చేసే పని

ఒకే కంపెనీ బండి ఉదయగిరి వైపు ఒక రకంగానూ, కృష్ణపట్నం, తుమ్మలపెంట వైపు ఒక రకంగానూ ముసలిదవుతుంది. కారణం ఉప్పు.

కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర గాలిలో ఎగిరి ఒడ్డుకు వస్తుంది. నీరు ఆవిరై ఉప్పు రేణువు మిగులుతుంది. అది బండి మీద, కేబులు మీద, స్క్రూ మరల మధ్య వాలుతుంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడు, గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే తేమను పీల్చుకొని తనే నీరైపోతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది ఇంకా తక్కువ తేమలోనే చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో మీ వంటింటి కల్లుప్పు జాడీలో నీరు ఊరడం చూసే ఉంటారు. అందుకు కారణం ఇదే.

తీరంలో రాత్రిపూట తేమ పెరుగుతుంది. వాన లేకపోయినా ఇనుము మీద ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రవహింపజేస్తుంది కనుక తుప్పు పట్టే రసాయనచర్య వేగం అందుకుంటుంది. క్లచ్ కేబులు ఒక్క తీగ కాదు. సన్నటి ఉక్కు పోగులు ఎన్నో కలిపి పేనిన తాడు. పోగులు సన్నం కాబట్టి తుప్పుకు తొందరగా లొంగుతాయి. గొట్టం లోపల తుప్పు గరుకుగా పట్టి తాడు సాఫీగా జారదు. ఒక్కో పోగే తెగుతుంటే మిగిలినవి సాగుతాయి. దానికి తోడు ఇసుక.

వేట నిషేధపు రోజులు కూడా గుర్తుంచుకోండి. ఇటీవలి సంవత్సరాల్లో తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు మరపడవలు సముద్రంలోకి వెళ్ళకూడదు. అన్నాళ్ళు బండి మూలన పడి ఉంటే ప్లేట్ల మధ్య ఆయిలు కిందికి దిగిపోయి ప్లేట్లు అతుక్కుపోతాయి. మన స్టీలు మూతల మాదిరిగానే!

అయిదు పరీక్షలు

ఇక పరీక్షలకు వద్దాం. ఒక నియమం: బయటినుంచి లోపలికి, సులువైనదాని నుంచి కష్టమైనదానికి. ఇంకో నియమం: ప్రతి పరీక్ష అనుమానితుల్లో కనీసం ఒకణ్ణి నిర్దోషిగా తేల్చాలి. పోలీసు దర్యాప్తు లాగే అన్నమాట.

ఒక హెచ్చరిక. గేర్లున్న మోటారు సైకిలు నడపడానికి 18 ఏళ్ళు నిండాలి. మీరు చేసేది పరిశీలన. ఇంజను నడుస్తుండగా చేసే పనులు పెద్దవాళ్ళు చేయాలి, అదీ ఆరుబయటే. తిరిగే చక్రం దగ్గరకు, గొలుసు దగ్గరకు వేళ్ళు పోనివ్వకండి.

మొదటి పరీక్ష: ఇంజను ఆపి తోయడం. చదునైన నేల మీద న్యూట్రల్‌లో పెట్టి బండిని తోయండి. ఎంత బలం కావాలో గుర్తుంచుకోండి. న్యూట్రల్‌లోనే బరువుగా ఉంటే తప్పు క్లచ్‌ది కాదు. బ్రేకు పట్టేసిందేమో, గొలుసు మరీ బిగువుగా ఉందేమో చూడాలి. ఇప్పుడు మొదటి గేరు వేసి, లీవరు పూర్తిగా నొక్కి తోయండి. చల్లటి ఆయిలు వల్ల కాస్త బరువు ఉండవచ్చు. చక్రం ఇంజనును కూడా తిప్పబోతున్నట్టు అడ్డుపడితే ప్లేట్లు విడిపోవడం లేదని తేలింది. మూలన పడి ఉన్న బండిని ఇలా లీవరు నొక్కి ముందుకూ వెనక్కూ ఊపితే అతుక్కున్న ప్లేట్లు విడిపోవడం కూడా కద్దు. అంతటితో జబ్బు నయమై మళ్ళీ రాకపోతే రూపాయి ఖర్చు లేదు!

రెండో పరీక్ష: లీవరు ప్లే. లీవరును వేలితో మెల్లగా లాగండి. మొదట కొంత దూరం బలం లేకుండా వస్తుంది. తరవాత బరువు తగులుతుంది. ఆ వదులు దూరాన్నే 'ప్లే' అంటారు. లీవరు కొన దగ్గర స్కేలు పెట్టి కొలవండి. చిన్న మోటారు సైకిళ్ళలో చాలావాటికి 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలని కంపెనీ పుస్తకాలు చెబుతాయి. మీ బండి పుస్తకంలో ఉన్న అంకే మీకు ప్రమాణం. 30, 35 వచ్చిందా? దొంగ దొరికినట్టే. సర్దుబాటు నట్టు తిప్పి ప్లే సరిచేయించి మళ్ళీ చూడండి. హ్యాండిలును ఎడమకు, కుడికి తిప్పి మళ్ళీ కొలవండి. ప్లే మారుతుంటే కేబులు ఎక్కడో ఇరుక్కొని లాగబడుతోందని అర్థం.

మూడో పరీక్ష: కేబులు. ఒకరు లీవరు నొక్కుతుంటే ఇంకొకరు ఇంజను దగ్గరి మీటను గమనించాలి. లీవరుతోపాటే కదులుతోందా? ఆగి ఆగి, కుదుపులతో కదులుతోందా? లీవరు వదిలితే వెంటనే వెనక్కి వస్తోందా? కేబులు పైగొట్టం వంగి నిక్కుతోందా? లీవరు బాగా కదిలి మీట కొంచెమే కదిలితే కదలికను కేబులు మధ్యలోనే మింగేస్తోంది. లీవరు దగ్గర కేబులు గుండు కూర్చునే చోట పోగులు తెగి ముళ్ళలా లేచాయేమో చూడండి. రోజూ బిగించాల్సి వస్తుంటే పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయన్నమాట. అది త్వరలో నడిరోడ్డు మీద పూర్తిగా తెగుతుంది.

నాలుగో పరీక్ష: ఆయిలు. ఆయిలు ఎంత ఉంది? ఏ రకం? ఏ రంగు? మట్టం గీత దాటితే ప్లేట్ల ఈడ్పు పెరగవచ్చు. ఆయిలు డబ్బా మీద 10 డబ్ల్యు 30, 20 డబ్ల్యు 40 లాంటి గుర్తులుంటాయి. చివరి అంకె పెద్దదైతే ఇంజను వేడిలో ఆ ఆయిలు అంత చిక్కగా ఉంటుందని అర్థం. 'చిక్కనిది పోస్తే ఇంజనుకు మంచిది' అని కంపెనీ చెప్పినదానికంటే చిక్కటి ఆయిలు పోస్తే క్లచ్ వదలకపోవచ్చు. తడి క్లచ్ ఉన్న మోటారు సైకిళ్ళకు తగిన ఆయిలు మీద సాధారణంగా 'జాసో ఎం.ఎ.' అనే జపాను ప్రమాణం గుర్తు ఉంటుంది. ఇక రంగు. ఆయిలు పాలుపోసిన టీ లాగా ఉందా? లోపల నీరు చేరింది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారి కోసుకుపోయింది. అలాంటి వరదల్లో మునిగిన బండ్లు తరవాత చేతులు మారుతుంటాయి. పైన రంగు వేసినా లోపలి ఆయిలు నిజం చెబుతుంది.

అయిదో పరీక్ష: చల్లగా, వేడిగా. బండిని సెంటర్ స్టాండు వేసి, పెద్దవాళ్ళెవరైనా ఇంజను నడిపి, లీవరు నొక్కి మొదటి గేరు వేయాలి. వెనక చక్రం మెల్లగా తిరగవచ్చు. కంగారు పడకండి! ఆయిలు ఈడ్పు వల్ల మంచి క్లచ్‌తో కూడా అలా తిరుగుతుంది. బ్రేకు కొంచెం తాకించగానే చక్రం ఆగి, ఇంజను మామూలుగా నడుస్తుంటే క్లచ్‌కు ఏమీ లేదు. చక్రం ఆగుతూనే ఇంజను కూడా కూలబడితే క్లచ్ వదలడం లేదు. ఈ పరీక్ష పొద్దున్నే ఒకసారి, పది కిలోమీటర్లు తిరిగొచ్చాక ఒకసారి చేయాలి. చల్లగా ఉన్నప్పుడే జబ్బు కనిపించి తరవాత తగ్గితే చిక్కటి ఆయిలును, అతుక్కొనే ప్లేట్లను అనుమానించండి. వేడెక్కినకొద్దీ పెరిగితే వంగిన ప్లేట్లను అనుమానించండి. ఇంజను ఊరికే తిరిగే వేగం మరీ ఎక్కువగా ఉన్నా గేరు ఠక్కుమంటుంది. దాన్ని ముందే సరిచేయించాలి.

మూత తీశాక

ఈ అయిదింటిలోనూ దొంగ దొరక్కపోతే అప్పుడు మెకానిక్కు క్లచ్ మూత తీయాలి. తీశాక కూడా అన్నీ ఒకేసారి మార్చేయనక్కరలేదు. చూడాల్సినవి నాలుగే.

ఉక్కు ప్లేట్లను ఒక్కొక్కటిగా మందపాటి గాజు మీద పరిచి, కింద సన్నటి గేజి రేకు దూరుతుందేమో చూస్తారు. వంపు ఎంతవరకు ఉండవచ్చో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. చాలా బండ్లకు అది 0.2 మిల్లీమీటరు దగ్గర. పావు మిల్లీమీటరు సందులో 0.2 మిల్లీమీటరు వంపు! ఇక విడిపోయే చోటేదీ?

రెండోది, హౌసింగ్ గాడులు. ఏళ్ళ తరబడి ప్లేట్ల చెవులు కొట్టుకొని గాడుల అంచుల్లో చిన్న చిన్న గుంటలు పడతాయి. చెవులు ఆ గుంటల్లో చిక్కుకొని, ప్రెషర్ ప్లేటు లేచినా ప్లేట్లు జరగవు.

మూడోది, స్ప్రింగులు. వాటి పొడవులు కొలవాలి. ఒకటి పొట్టిదై ఇంకొకటి పొడుగైతే ప్రెషర్ ప్లేటు వంకరగా లేస్తుంది. ఒక పక్క విడిపోతుంది, ఇంకో పక్క రాసుకుంటుంది.

నాలుగోది పాత బండి కొనేవాళ్ళు ప్రత్యేకంగా చూడాల్సింది. జారే క్లచ్‌ను కప్పిపుచ్చడానికి కొందరు స్ప్రింగుల కింద అదనంగా వాషర్లు పెడతారు. పట్టు పెరిగి జారడం ఆగుతుంది. కాని స్ప్రింగు చుట్లు ముందే దగ్గరపడి ఉండడంతో లీవరు నొక్కినప్పుడు పూర్తిగా కుదించుకుపోతాయి. ఇక ప్రెషర్ ప్లేటు లేవదు. లీవరు రాయిలా బరువెక్కి, బండి పాకుతుంటే ఈ సంగతి గుర్తుకు రావాలి. ఒక జబ్బును దాచబోయి ఇంకో జబ్బు తెచ్చారన్నమాట.

ఒకసారికి ఒక్కటే

అసలు కిటుకు ఇక్కడుంది. కేబులు, ఆయిలు, ప్లేట్లు అన్నీ ఒకేరోజు మార్చేస్తే జబ్బు పోవచ్చు. కాని దేనివల్ల పోయిందో ఎవరికీ తెలియదు. మార్చనక్కరలేని వస్తువులకు కూడా డబ్బు పోసినట్టు. తప్పు ఇంకెక్కడో ఉండి, కొన్నాళ్ళకు మళ్ళీ బయటపడితే మళ్ళీ మొదటికే రావాలి.

అందుకని ఒక కాగితం తీసుకొని గీతలు గీయండి. తేదీ, చేసిన పరీక్ష, కనిపించింది, మార్చింది, మార్చాక ఫలితం. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన ప్రతిసారీ అదే నేల మీద అదే విధంగా తోసి చూడండి. ఆ కాగితం మెకానిక్కు చేతికిస్తే ఆయన పని సగం తగ్గుతుంది. 'ఇంజను దింపాలి' అన్న మాటకు మీ దగ్గర జవాబూ ఉంటుంది. మీ ప్రయోగశాలలో ఉప్పును గుర్తించేటప్పుడు ఒక్కో పరీక్షే చేసి, ఫలితం రాసి, తరవాతి దానికి పోతారు కదా. డాక్టరు నాడి చూసి, నాలుక చూసి, తరవాతే రక్తపరీక్షకు పంపుతాడు కదా. బండి దగ్గర కూడా విజ్ఞానశాస్త్రం అంటే అదే.

తీరంలో ఉన్నవాళ్ళకు ఇంకొక్క మాట. వారానికి ఒకసారి మంచినీళ్ళతో బండిని కడగడం, కేబులులో నెలకొకసారి నాలుగు చుక్కల ఆయిలు దించడం, మూలన పెట్టిన బండిని అప్పుడప్పుడు తిప్పడం, ఈ మూడూ చేస్తే పైన చెప్పిన పరీక్షల్లో సగం అవసరమే రాదు.

మీరే ఆలోచించండి

1. 1980లో వచ్చిన టి.వి.ఎస్. 50 మోపెడ్‌కు, ఆ తరవాతి ఎక్సెల్ బండ్లకు క్లచ్ లీవరే లేదు. ఇంజను వేగం పెరిగితే అపకేంద్ర బలం వల్ల లోపలి షూలు బయటికి విచ్చుకొని డ్రమ్మును పట్టుకుంటాయి. వేగం తగ్గితే స్ప్రింగులు వాటిని లోపలికి లాగుతాయి. అలాంటి బండి నిలబెట్టినప్పుడు పాకుతుంటే మీరు మొదట ఏం చూస్తారు?

2. ఘర్షణ ప్లేట్లు నాలుగుకు బదులు ఆరు పెడితే పట్టు ఎన్ని రెట్లు పెరుగుతుంది? ప్రెషర్ ప్లేటు అప్పుడు కూడా 2 మిల్లీమీటర్లే లేస్తే ఒక్కో సందు ఎంత? ఆ బండి క్లచ్ సులువుగా వదులుతుందా?

(జవాబులు: 1. ఇంజను ఊరికే తిరిగే వేగం ఎక్కువగా ఉందేమో చూడాలి. తరవాత షూల స్ప్రింగులు సాగాయేమో చూడాలి. 2. ఒకటిన్నర రెట్లు. 12 ముఖాలు కనుక ఒక్కో సందు మిల్లీమీటరులో ఆరో వంతు. పట్టు పెరిగింది గాని వదలడం కష్టమవుతుంది.)